‘సార్’ ఎవరికి, ‘ఏయ్’ ఎవరికి

తెలుగులో ఎదుటి మనిషిని పలకరించడానికి నోరు తెరిచేలోపే ఒక లెక్క జరిగిపోతుంది. నువ్వా, మీరా, ‘ఏమండీ’నా, ‘ఏరా’నా? స్టేషన్ మెట్లెక్కిన మనిషి చొక్కా చూసి, చెప్పులు చూసి కానిస్టేబుల్ ఆ లెక్క ఎలా వేస్తాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ గొడవే లేదు, రాజుకైనా కూలికైనా ఒకటే ‘యూ’ కదా అని ఆ భాషను మెచ్చుకునేవాళ్లు మనలో చాలామంది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ పోలీసులు ఒంటిమీద పెట్టుకునే బాడీ కెమెరాల రికార్డింగులను స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు కూర్చుని విన్నప్పుడు తేలింది వేరు. 2014 ఏప్రిల్‌లో ఆ పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపిన 981 సందర్భాలవి. పోలీసు అన్న మాటలను కాగితం మీద పెట్టి, బండి నడిపేది తెల్లవాడో నల్లవాడో చెప్పకుండా, ఆ మాటల్లో మర్యాద ఎంతుందో బయటివాళ్లతో మార్కులు వేయించారు. ఏ పదాలకు, ఏ వాక్యాలకు ఎక్కువ మార్కులు పడ్డాయో చూసి, ఆ కొలతతో మొత్తం సంభాషణలను కంప్యూటర్ చేత కొలిపించారు. 2017లో ఫలితం అచ్చయింది. బాగా మర్యాద ఉన్న మాటలు చెవిన పడే అవకాశం శ్వేతజాతీయులకు 57 శాతం ఎక్కువ. బాగా మర్యాద తక్కువైన మాటలు వినాల్సి వచ్చే అవకాశం నల్లజాతీయులకు 61 శాతం ఎక్కువ. ఒకరికి ‘సార్’, ‘మేడమ్’, ఆపినందుకు క్షమాపణ, జాగ్రత్తగా వెళ్లిరండి అనే వీడ్కోలు. ఇంకొకరికి వయసుతో పనిలేకుండా మొదటి పేరు పెట్టి పిలుపు, ‘మై మ్యాన్’ అనే చనువు, చేతులు స్టీరింగు మీదే ఉంచమనే ఆజ్ఞ. తప్పు చిన్నదా పెద్దదా, ఏ పేటలో ఆపారు, చివరికి ఏమైంది అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. ఆపిన అధికారి తానే నల్లజాతీయుడైనా పోలేదు.

ఈ అధ్యయనంలో ముఖ్యంగా గమనించాల్సింది, ఆ మాటల్లో బూతు లేకపోవడం. ఆ అధికారుల్లో ఎవరినీ జాత్యహంకారి అని వేలెత్తి చూపడానికి వీల్లేదు. ఒక్కో సంభాషణను విడిగా వింటే అంతా సవ్యంగానే ఉన్నట్టు ఉంటుంది. 981 పక్కపక్కన పెడితేనే గీత కనబడింది. జాతి వివక్ష అనగానే మనకు తిట్టు గుర్తొస్తుంది, ముసుగు మూకలు గుర్తొస్తాయి. అవి పూర్తిగా పోయాయని నేననను. కానీ ఇవాళ్టి అమెరికాలో వివక్ష ఎక్కువగా కాపురముంటున్నది మామూలు మాటల్లోనే: వార్తలోని క్రియాపదంలో, పోలీసు ప్రకటనలోని కర్త లేని వాక్యంలో, ఒక జబ్బుకు పెట్టే పేరులో. ఒకే పనికి ఇద్దరి విషయంలో రెండు మాటలు వాడినప్పుడు, ఎవరిని ముందు నమ్మాలి, ఎవరిని ముందు అనుమానించాలి అన్న తీర్పు ఆ మాటతోనే వెలువడిపోతుంది. చట్టం, పోలీసు, జైలు దాని వెనకాలే నడుస్తాయి. ఇది నల్లవాళ్ల అపోహ అని, అతిగా బాధపడిపోతున్నారని తోసిపుచ్చడానికి ఒకప్పుడు వీలుండేది. ఇప్పుడు లెక్కలున్నాయి.

2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక ఆ నగర పోలీసు శాఖ విడుదల చేసిన ప్రకటనను జర్నలిజం విద్యార్థులందరూ ఒకసారి చదవాలి. పోలీసులతో వ్యవహారం నడుస్తుండగా ఆరోగ్య సమస్య తలెత్తి ఒక వ్యక్తి మృతి — శీర్షిక సారాంశం ఇది. అతను మత్తులో ఉన్నట్టు కనిపించాడని, పోలీసులను ప్రతిఘటించాడని, బేడీలు వేశాక అతని ఒంట్లో బాగాలేనట్టు అధికారులు గమనించి అంబులెన్స్ పిలిపించారని లోపల రాశారు. ఎవరూ ఏ ఆయుధమూ వాడలేదని కూడా చేర్చారు. విడివిడిగా చూస్తే ఇందులో అబద్ధమని పట్టుకోగల వాక్యాలు తక్కువే. తొమ్మిది నిమిషాలకు పైగా అతని మెడ మీద ఉన్న మోకాలు మాత్రం ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. 17 ఏళ్ల అమ్మాయి ఒకరు ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్‌లో చిత్రించి ఉండకపోతే, మర్నాటి పత్రికల్లో ఆ మరణం ‘ఆరోగ్య సమస్య’గానే ముగిసి ఉండేది. అమెరికా పోలీసులు కాల్చి చంపినప్పుడు వాడే ‘ఆఫీసర్ ఇన్వాల్వ్డ్ షూటింగ్’ అన్న మాట కూడా ఈ బాపతే. కాల్పులు జరిగాయి, అందులో అధికారి ప్రమేయం ఉంది. ఎవరు కాల్చారు, ఎవరికి తగిలింది అన్నది పాఠకుడే ఊహించుకోవాలి. ‘ఎన్‌కౌంటర్‌లో హతం’ అన్న శీర్షికలు చదువుతూ పెరిగిన తెలుగువాళ్లకు ఈ వ్యాకరణం కొత్తేమీ కాదు. కర్తను దాచే ఈ వెసులుబాటు పోలీసులకు దొరికినంత తేలిగ్గా, పోలీసుల చేతిలో చనిపోయినవాడికి దొరకదు. 2014లో మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో మరణించిన 18 ఏళ్ల మైకేల్ బ్రౌన్ గురించి రాస్తూ, అతనేమీ దేవదూత కాదన్న అర్థం వచ్చే మాటను న్యూయార్క్ టైమ్స్ అచ్చువేసింది. పాఠకులు మండిపడ్డారు, ఆ మాట పడకుండా ఉండాల్సిందని ఆ పత్రిక పబ్లిక్ ఎడిటరే రాశారు. 2021 మార్చిలో అట్లాంటా పరిసరాల్లో ఒక తెల్ల యువకుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయిన వారిలో ఆరుగురు ఆసియా సంతతి మహిళలు. మర్నాడు విలేకరుల ముందుకు వచ్చిన షెరీఫ్ కార్యాలయం అధికారి, నిన్న అతనికి చాలా చెడ్డ రోజు అన్నాడు.

పత్రికల మాటల గురించి మాట్లాడితే 2005 నాటి కత్రినా తుపాను ఫోటోలు తప్పకుండా చర్చకొస్తాయి. న్యూ ఆర్లీన్స్‌లో ఛాతీ లోతు నీళ్లలో తిండి సరుకులు పట్టుకుని వస్తున్న నల్ల యువకుడి ఫోటో కింద, కిరాణా దుకాణాన్ని ‘లూటీ’ చేసి వస్తున్నాడని అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. అలాంటి నీళ్లలోనే రొట్టె, కూల్‌డ్రింకులతో వస్తున్న తెల్ల జంట ఫోటో కింద, అవి వాళ్లకు దుకాణంలో ‘దొరికాయి’ అని ఇంకో ఏజెన్సీ రాసింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రెండు ఫోటోలు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు తీసినవి, రెండు సంస్థలు విడుదల చేసినవి. యువకుడు దుకాణంలోకి వెళ్లి తేవడం కళ్లారా చూశానని మొదటి ఫోటోగ్రాఫర్ చెప్పాడు. సరుకులు నీళ్లలో తేలుతూ బయటికి వస్తుంటే వాళ్లు అందుకున్నారని తాను అనుకున్నట్టు రెండో ఆయన చెప్పాడు. ఈ ఒక్క జత ఫోటోలతో ఒక దేశపు పత్రికా రంగాన్ని దోషిగా నిలబెట్టలేం, నిలబెట్టకూడదు. అందుకే నా వాదనను నేను ఆ ఫోటోల మీద కట్టడం లేదు. రెండు ఉదాహరణలతో తేలని విషయానికి రెండు దశాబ్దాల చట్టం, కోట్ల తనిఖీలు సాక్ష్యమిస్తున్నప్పుడు వాటినే చూద్దాం.

మాట చట్టమై, చట్టం జైలైన చరిత్రకు కొకైన్‌ను మించిన ఉదాహరణ లేదు. కొకైన్ పొడికి వంటసోడా, నీళ్లు కలిపి కాచి గడ్డకట్టిస్తే అది క్రాక్. మందు ఒకటే, రూపం వేరు. పొడి ఖరీదైనది, దాన్ని పీల్చేది ఎక్కువగా డబ్బున్న తెల్లవాళ్లని జనం మనసులో బొమ్మ ఉండేది. క్రాక్ కొద్ది డాలర్లకు దొరికేది, నల్లవాళ్ల పేటల మందుగా పేరుపడింది. 1986 జూన్‌లో లెన్ బయాస్ అనే నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడు, బోస్టన్ సెల్టిక్స్ జట్టు తనను ఎంచుకున్న రెండు రోజులకే కొకైన్ వల్ల చనిపోయాడు. క్రాక్ వల్లే చనిపోయాడని ప్రచారం జరిగింది. అతను తీసుకున్నది పొడి అని తర్వాత సాక్ష్యాల్లో బయటపడింది. అప్పటికే అమెరికన్ కాంగ్రెస్ ఆ ఏడాది అక్టోబరుకల్లా చట్టం చేసేసింది. ఐదేళ్ల తప్పనిసరి జైలుకు పొడి అయితే 500 గ్రాములు పట్టుబడాలి. క్రాక్ అయితే ఐదు గ్రాములు చాలు. ఐదు గ్రాములంటే చిన్న చెంచాడు. 1995లో ఈ నూరింతల తేడా తీసేయమని ఫెడరల్ శిక్షల కమిషన్ సిఫారసు చేస్తే కాంగ్రెస్ తోసిపుచ్చింది. 2006లో క్రాక్ కేసుల్లో ఫెడరల్ కోర్టులు శిక్ష వేసిన వారిలో 80 శాతానికి పైగా నల్లజాతీయులే. 2010లో ఒబామా సంతకంతో ఆ నిష్పత్తి 18కి ఒకటిగా తగ్గింది. సమానం మాత్రం చేయలేదు. ఈ చట్టానికి జనం మద్దతును పోగుచేసింది వార్తల భాష. గర్భంలోనే క్రాక్ తగిలిన పిల్లలు మెదడు ఎదగని, ప్రేమించడం చేతకాని తరంగా తయారవుతారని పత్రికలు, టీవీలు ఏళ్ల తరబడి చెప్పాయి. వాళ్లకు ‘క్రాక్ బేబీలు’ అని పేరు పెట్టాయి. ఆ భయానికి పునాది 23 మంది శిశువులను చూసి రాసిన ఒక చిన్న వ్యాసం. ఫిలడెల్ఫియాలో ఒక వైద్యబృందం అలాంటి పిల్లలను రెండు దశాబ్దాలకు పైగా వెంటాడి పరిశీలిస్తే, అదే పేదరికంలో పెరిగిన మిగతా పిల్లలకు, వీళ్లకు చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. పిల్లల ఎదుగుదలను దెబ్బతీసింది పేదరికమే. న్యూయార్క్ టైమ్స్ సంపాదక వర్గం 2018 చివర్లో, ఆ ప్రచారంలో తమ పాలు కూడా ఉందని ఒప్పుకుంది. అప్పటికి ఆ పిల్లలు ముప్పై ఏళ్ల వాళ్లయ్యారు.

తర్వాత నొప్పి మాత్రల వ్యసనం వచ్చింది. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్‌లోకి వచ్చాక ఓపియాయిడ్ మాత్రలకు అలవాటుపడి, వాటి నుంచి హెరాయిన్‌కు జారినవాళ్లు పల్లెల్లో, శివారు పట్టణాల్లో లక్షల మంది. చికిత్సకు వచ్చినవాళ్లను చూసి 2014లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో రాసిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు పదేళ్లలో హెరాయిన్ మొదలుపెట్టిన వారిలో దాదాపు 90 శాతం తెల్లవాళ్లు. ఈసారి భాష మారింది. వ్యసనం జబ్బయింది, పాడైపోయిన వాడు పోగొట్టుకున్న కొడుకయ్యాడు, కూతురయింది. 2017 అక్టోబరులో ప్రభుత్వం దాన్ని ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. ఈ మార్పు తప్పని నేను చెప్పడం లేదు. వ్యసనపరుడిని రోగిగా చూడడమే సరైనది. అంత సరైన మాట ముప్పై ఏళ్ల ముందు ఎందుకు గుర్తురాలేదు అన్నదే ప్రశ్న. క్రాక్ రోజుల్లో వీధుల్లో తుపాకులు పేలాయి, హత్యలు పెరిగాయి, అందుకే చట్టం కఠినమైందని కొందరంటారు. హత్యలు పెరిగిన మాట నిజం. కానీ ఆ చట్టం తూచింది తుపాకిని కాదు, గ్రాములను. జేబులో ఆయుధం లేని, ఎవరి మీదా చెయ్యెత్తని మనిషికి కూడా ఐదు గ్రాముల బరువే ఐదేళ్ల శిక్ష తెచ్చిపెట్టింది.

ఇక్కడ అసలైన అభ్యంతరం వస్తుంది. దాన్ని దాటేసి పోకూడదు. నేరాలు ఎక్కువ జరిగే చోటికి పోలీసులు వెళ్తారు, అమెరికాలో హత్య కేసుల్లో నిందితులుగా నల్లజాతీయుల వాటా జనాభాలో వాళ్ల వాటా కంటే చాలా ఎక్కువ, కాబట్టి తనిఖీలు వాళ్లకే ఎక్కువ జరగడంలో వివక్ష ఏముంది అని అడుగుతారు. మొదటి రెండు మాటలూ నిజమే. అందుకే ఎంతమందిని ఆపారు అన్న లెక్క ఒక్కటీ సరిపోదు. ఆపి వెతికితే ఏం దొరికింది అని చూడాలి. అనుమానానికి అందరి విషయంలో ఒకే గీటురాయి వాడుతుంటే, వెతికిన ప్రతి వందమందిలో తప్పు దొరికేవాళ్లు ఏ జాతిలోనైనా ఇంచుమించు సమానంగా ఉండాలి. న్యూయార్క్ పోలీసులు 2004 జనవరి నుంచి 2012 జూన్ వరకు వీధుల్లో 44 లక్షల సార్లు జనాన్ని ఆపారు. వారిలో 52 శాతం నల్లజాతీయులు, నగర జనాభాలో వాళ్లు 23 శాతం. ఆయుధం దొరికింది నల్లవాళ్లలో నూటికి ఒకరి దగ్గర, తెల్లవాళ్లలో 1.4 శాతం దగ్గర. నూటికి 88 సందర్భాల్లో కేసు లేదు, జరిమానా లేదు, వదిలేశారు. 2013 ఆగస్టులో జడ్జి షీరా షైండ్లిన్ ఆ పద్ధతి అమలవుతున్న తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. తనిఖీలు తగ్గితే నగరం హత్యలపాలవుతుందని అప్పట్లో గట్టిగా హెచ్చరించారు. 2011లో ఏడాదికి 6,85,724 ఉన్న తనిఖీలు 2017 నాటికి పన్నెండు వేల లోపుకు పడిపోయాయి. హత్యలు 515 నుంచి 292కు తగ్గాయి. ఫెర్గూసన్‌లో 2015లో అమెరికా న్యాయశాఖ వెలికితీసిందీ ఇదే. జనాభాలో 67 శాతం ఉన్న నల్లజాతీయులు, ఆపిన బండ్లలో 85 శాతం, అరెస్టుల్లో 93 శాతం. వాళ్లను సోదా చేసే అవకాశం తెల్లవాళ్ల కంటే రెట్టింపు, కానీ అక్రమ సరుకు దొరికే అవకాశం 26 శాతం తక్కువ. రోడ్డు మీద నడిచిన తీరు బాగాలేదన్న నేరం కింద పెట్టిన కేసుల్లో 95 శాతం నల్లవాళ్ల మీదే. నడక తీరు! హత్యల గణాంకాలతో ఈ అంకెను సమర్థించడం ఎవరి తరం?

దీనికంటే సూటి పరీక్ష చీకటి. చలికాలంలో సాయంత్రం ఏడు గంటలకు చీకటి, వేసవిలో అదే ఏడు గంటలకు వెలుతురు. రోడ్డు అదే, వేళ అదే, మారేది వెలుగు మాత్రమే. చీకట్లో డ్రైవరు రంగు పోలీసుకు సరిగ్గా కనబడదు. దేశవ్యాప్తంగా సుమారు 9.5 కోట్ల ట్రాఫిక్ తనిఖీలను కూర్చి 2020లో స్టాన్‌ఫోర్డ్ బృందం అచ్చువేసిన అధ్యయనంలో, పొద్దుగూకాక ఆపినవారిలో నల్లజాతీయుల వాటా తగ్గిపోయింది. నేరమే కారణమైతే సూర్యుడితో దానికేం పని? అన్ని లెక్కలూ ఒకే వైపు చూపిస్తున్నాయని చెబితే మాత్రం నిజాయతీ కాదు. హార్వర్డ్ ఆర్థికవేత్త, స్వయంగా నల్లజాతీయుడైన రోలండ్ ఫ్రైయర్ 2016లో, పోలీసులు తోయడం, బేడీలు వేయడం, తుపాకి గురిపెట్టడం లాంటి వాటిలో జాతి తేడా స్పష్టంగా ఉందని, కాల్చడంలో మాత్రం తాను చూసిన డేటాలో తేడా కనబడలేదని రాశారు. ఆ చివరి ముక్క మీద పరిశోధకుల వాదన ఇంకా నడుస్తోంది. ఎవరు గెలిచినా, మొదటి ముక్క మీద వివాదం తక్కువ. రోజూ జరిగే అవమానం విషయంలో ఫ్రైయర్ అంకెలు, ఓక్లాండ్ రికార్డింగులు ఒకే మాట చెబుతున్నాయి.

ఇదంతా నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు మధ్య తగువు, మనకెందుకు అనుకునే తెలుగువాళ్లు ఇక్కడా ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో ఒక గుజరాతీ పెద్దాయన కొడుకు ఇంటి ముందు వీధిలో నడుస్తున్నాడు. మనవడిని చూసుకోవడానికి కొద్ది రోజుల ముందే ఇండియా నుంచి వచ్చిన మనిషి. మన ఇళ్ల నుంచి తాతలు, అమ్మమ్మలు వెళ్తున్నది ఈ పనికే. ఎవరో సన్నటి నల్ల మనిషి ఇళ్లవైపు చూస్తూ తిరుగుతున్నాడని పొరుగువాళ్లెవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాదని చెప్పబోయిన ఆయనను పోలీసు నేలకు కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని ఆయన పాక్షికంగా పక్షవాతం పాలయ్యాడు. రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, చివరికి జడ్జి ఆ అధికారిని నిర్దోషిగా వదిలేశారు. ‘నల్ల మనిషి’ అన్న మాటకు అమెరికాలో పోలీసు ఎలా స్పందిస్తాడో, ఆ మాట మన మీద పడ్డ రోజున మనకు తెలిసింది. 2023 జనవరిలో సియాటిల్‌లో, 25 మైళ్ల వేగం దాటకూడని వీధిలో 74 మైళ్ల వేగంతో వచ్చిన పోలీసు కారు ఢీకొని ఆదోనికి చెందిన విద్యార్థిని చనిపోయింది. పోలీసు సంఘం నాయకుడొకరు మర్నాడు ఫోన్‌లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందని, ఆమెకు 26 ఏళ్లేనని, విలువ అంతంత మాత్రమేనని అన్న మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. లాయర్లు ప్రాణానికి ఎలా వెల కడతారో ఎగతాళి చేశానని అతను సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మరుసటి ఏడాది అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె రంగు వల్లే ఆ మాట వచ్చిందని రుజువు చేయడానికి ఆధారం లేదు, నేను ఆ మాట అనను. కానీ ఆ నవ్వు విని రెండు తెలుగు రాష్ట్రాలూ ఎందుకు ఉడికిపోయాయో మనందరికీ తెలుసు. నల్ల తల్లిదండ్రులు తరతరాలుగా వింటున్నది ఆ స్వరమే. అన్నట్టు, ఆ అమ్మాయి వయసు 26 కూడా కాదు, 23.

మన పత్రికల సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో తెలుగు విద్యార్థి మీద దాడి జరిగితే ‘నల్లజాతి దుండగులు’ అన్న మాట మన వార్తల్లో అలవోకగా పడుతుంది. కాల్చినవాడు తెల్లవాడైతే అతను ‘దుండగుడు’, ‘ఆగంతకుడు’, మహా అయితే ‘ఉన్మాది’. అక్కడి మన కుటుంబాల భోజనాల బల్ల దగ్గర ‘నల్లోళ్ల ఏరియా’ అన్న మాట ఇళ్ల ధరల మాటంత మామూలుగా దొర్లుతుంది. మనం తెచ్చుకున్న అలవాటు కొంత, ఏజెన్సీ వార్తలతో పాటు దిగుమతి చేసుకున్నది కొంత. పోలీసులు వెతుకుతున్న నిందితుడి ఆనవాలు చెప్పడానికి జాతి అవసరమయ్యే వార్తలు ఉంటాయి, అక్కడ రాయాల్సిందే. మిగతా చోట్ల డెస్కులో కూర్చుని అనువదించే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఆ వాక్యంలో ‘నల్లజాతి’ అన్న చోట ‘తెల్లజాతి’ అని పెట్టి ఒకసారి చదవండి. అప్పుడు ఆ మాట అనవసరమనిపిస్తే, ఇప్పుడు కూడా కొట్టేయండి.